పెరటి గొళ్లెం ఫోటో

మొగని పేరు ఆడిది నోటితోని అనొద్దంటరు. అనకుంటే మీకెట్ల తెలుస్తది బిడ్డా? మా ఆయన పేరు ఆశన్న. బాన్సువాడల ఫోటోలు తీస్తుండె. మూడు కాళ్ల మీద నిలవెట్టే పెద్ద డబ్బా, అండ్ల ఫోటో పడనీకి ఒకదిక్కు మందు పూసిన గాజు పలకలు. పెండ్లికి పిలిస్తే పోతుండె, మనిషి సచ్చిపోతే కుర్చీల కూసోబెట్టి తీయమన్నా తీస్తుండె.

గంతవరకైతే బాగుండు. ఆయనకు ఇంకో పిచ్చి ఉండె. అరిగిన గడప తీస్తడు, ఇరిగిన రోలు తీస్తడు, చేతులు తాకి తాకి నున్నగైన గొళ్లెం తీస్తడు. "గొళ్లెం ఫోటో ఎవడు గోడకు తగిలిచ్చుకుంటడయ్యా, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!" అని తిట్టని దినం లేదు. "మొకాలు అందరు చూస్తరే. గివి ఎవలు చూస్తరు?" అని నవ్వెటోడు.

పందొమ్మిదొందల నలభై ఎనిమిదిల ఎండకాలం. దోపిడిగాళ్లు ఊర్ల మీద పడుతుండ్రని ఒకటే భయం. అది గూడ ముందటి తలుపు కాదు, పెరటి తలుపు ఇరగ్గొట్టి వస్తుండ్రట. పొద్దుగూకినంక కుక్క మొరిగితే లేశి పెరటి గొళ్లెం తడిమి చూసుకుంటుంటి.

గసొంటి దినాలల్ల ఈ మహానుభావుడు పెద్ద కొడప్‌గల్ పోయి, పెరటి సందుల డబ్బా నిలవెట్టి, నల్లగుడ్డ కప్పుకొని హన్మాండ్లు పటేల్ ఇంటి గొళ్లెం ఫోటో తీసుకొచ్చిండు! వారం తిరగకముందే పక్కూర్ల దోపిడైంది, ఇద్దరు సచ్చిపోయిండ్రు.

మిట్టమధ్యాహ్నం పటేల్ మా వాకిట్లకొచ్చిండు. ఎనక కట్టెలు పట్టుకొని మనుషులు.

"ఏ ఆశన్నా, మా పెరటి తలుపు ఎవలకు చూపియ్యనీకి తీసినవ్రా?"

నేనే అడ్డంపడ్డ. "మీ తలుపు కాదు పటేలా. ఎన్నడో వర్ని ఊర్ల తీసింది."

"తెచ్చి చూపియ్యి. మాదైతే ఇగ ఈడు పానంతోని ఉండడు."

లోపలికి పోయిన. పలకలు కడిగేది నేనే గనుక నాకు ఒక్కటి తెలుసు. గాజు దిక్కు మనకు పెట్టుకొని చూస్తే ఉన్నది ఉన్నట్టు కనవడ్తది. మందు పూసిన దిక్కు పెట్టుకుంటే కుడి ఎడమైతది. బయటికొచ్చి, మందు దిక్కు పటేల్ మొకానికి పెట్టి ఎండకు పట్టుకున్న.

పటేల్ కండ్లు చిన్నగ చేసి చూసిండు. గాజు మీద నలుపంత తెలుపు, తెలుపంత నలుపు. ఆయన పోల్చుకున్నది గొళ్లెం ఒక్కటే.

"మాది కుడిదిక్కుంటది గదరా. గిది ఎడమకున్నది."

గప్పుడే మా ఆయన నోరు తెరిచిండు. "పటేలా, ఆమె పలక తిప్పి..."

అయ్యో నా రాత! తన ఫోటో తప్పుగ చూపిస్తే ఓర్వలేడు ఆ మనిషి, పానం పోతున్నా సరే! మడిమెతోని ఆయన కాలి వేలు మీద తొక్కిన. "అబ్బా!" అని కూసున్నడు.

"తిప్పి తిప్పి పట్టుకుంటే పగులుతదని ఆయన ఫికర్," అన్న. నవ్విన గూడ. ఎట్ల నవ్విన్నో ఆ దేవునికే తెలుసు.

పటేల్ ఇంకోపాలి చూసిండు. "ఇగ మా సందుల కనవడితే బొక్కలిరుగుతయ్," అని మనుషులను తీసుకొని పోయిండు.

వాళ్లు మలుపు తిరిగినంక పలకను బండకేసి కొట్టిన. ముక్కలు ముక్కలైంది. పటేల్ మల్లొచ్చి సక్కగ పట్టుకొని చూస్తే?

మా ఆయన ముక్కలకాడ కూలవడి చిన్నపోరని లెక్క ఏడ్చిండు. "గసొంటిది మల్ల రాదే," అనుకుంట.

నాకు కోపమే వచ్చింది, ఏడుపూ వచ్చింది. పక్కన కూసోని ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్న. "ఏడ్వయ్యా, మంచిగ ఏడ్వు," అన్న. "ఏడ్వనీకి నువ్వున్నవ్. నాకు గదే సాలు."