టీవీకి చల్లిన పసుపు నీళ్లు

ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నా మా అన్న నవ్వేసి మాట మారుస్తాడు. మొన్న మహబూబాబాద్‌లో వాళ్ల కొత్తింటి గడపకు పసుపు నీళ్లు చల్లుతుంటే, ఆ వాసనకే నేను ముక్కు మూసుకుని పక్కకు జరిగాను.

చిన్నప్పుడు బయ్యారంలో ఉండేవాళ్లం. నాకు ప్రాణమైన రాక్ బ్యాండ్ కచేరీ సీడీని స్నేహితుణ్ని బతిమాలి తెచ్చుకుని, టీవీ పక్కనున్న సీడీ ప్లేయర్‌లో పెట్టాను. ఎదురుచూసిన పాట మొదలైంది. పాటగాడు జుట్టు విరబోసుకుని తల ఊపుతున్నాడు. అన్నకేమో క్రికెట్ కావాలి.

"బాపమ్మా, జల్ది రా! టీవీల ఒకాయనకు పూనకమొచ్చింది" అని మా నాయనమ్మను కేకేశాడు.

బాపమ్మ చెంబు, వేపకొమ్మతో పరుగున వచ్చింది. "శాంతించు తల్లీ, ఏం గావాల్నో చెప్పు" అంటూ తెర మీద, ప్లేయర్ మీద పసుపు నీళ్లు చల్లింది. ప్లేయర్ చిటపటలాడి పొగ లేచింది. కాలిన వైరు, పసుపు కలిసిన కంపు గదంతా నిండింది. అన్న తెర తుడిచి క్రికెట్ పెట్టుకున్నాడు. తల్లి శాంతిస్తే పాట మళ్లీ వస్తుందని నేను ప్లేయర్‌ను ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను.

బాపమ్మది భక్తి. ఆమె లేదిప్పుడు. ప్రతి శుభకార్యంలో ఆమె అమాయకత్వాన్ని చెప్పి నవ్వించే అన్న, తాను పిలిచిన మాట మాత్రం మింగేస్తాడు. అది చూస్తే రోత.

అన్నా, ఈసారి నవ్వకుండ చెప్పు. బాపమ్మను పిలిచింది నువ్వా, కాదా?