నేరేడు పాలు, నేను పారేసిన విరుగుడు

మా నాన్న లారీలు తయారయ్యే కార్ఖానాలో రంగులేసే షాపులో పనిచేసేవాడు. షిఫ్టు బస్సు దిగి గోవింద్‌పూర్‌లో మా ఇంటి మెట్లెక్కేలోపు నాలుగుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గంటే అమ్మకి హడలు. వానాకాలం వచ్చిందంటే జుగ్సలాయి బజారునుంచి నేరేడుపళ్ళు తెప్పించి, గుజ్జు పిసికి, కాచి చల్లార్చిన పాలలో కలిపి రోజూ గ్లాసుడు పట్టించేది. ఊదా కాదు, బూడిదా కాదు, చూస్తే తాగబుద్ధి కాని రంగు. తాగితే మాత్రం నేరేడు వగరు నాలుకకి తగిలేదే కాదు.

ఆ వగరు ఏమైపోయిందో తేల్చాలని బీయస్సీ కెమిస్ట్రీ వెలగబెడుతున్న నాకు యావ పట్టుకుంది. పాలలోని ప్రోటీను పండు రంగునీ వగరునీ గట్టిగా పట్టేసుకుంటుందని మా మేడమ్ చెప్పింది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది! ల్యాబులో ఒక గొట్టంలో ఉత్త నేరేడు రసం పోశాను. ఇంకోదాంట్లో అదే రసానికి పాలు కలిపి, విరగ్గొట్టి, వడగట్టిన నీళ్ళు పోశాను. రెంటిలోనూ పర్మాంగనేటు చుక్కలు వేస్తూ పోయాను; ఎన్ని చుక్కల రంగు పోగొడితే అంత బలం ఉన్నట్టు. రసం చాలా చుక్కల గులాబీ రంగుని మింగేసింది. నీళ్ళు కాసిని చుక్కలకే చేతులెత్తేశాయి. ఇప్పుడందరూ యాంటీఆక్సిడెంట్ అంటున్నారే, దాన్ని కొలవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

ఇంటికొచ్చి, ల్యాబులో చేసిందంతా వివరించి, "అమ్మా, పాలు కలిపితే నేరేడు బలం పోతోంది. నువ్వు పట్టించేదంతా దండగ" అని తేల్చిపారేశాను. నా నోటికి బుద్ధుంటేగా! మర్నాటినుంచి నాన్నకి గ్లాసు లేదు.

వారం గడిచింది. ఆదివారం కూర తరుగుతున్న అమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగింది.

"ఒలే గుంటా, పాలు ఇరగ్గొట్టినానన్నావు. ఆ ఇరుగుడు ఏటి సేసినావు?"

"పారేశాను."

"అది ఏ రంగునున్నాది?"

"ఊదాగా, ముదురుగా..."

అమ్మ కత్తిపీట పక్కకి తోసి లేచింది. "మీ నాన్న వడగట్టిన నీళ్ళు తాగుతాడేటే? గలాసు మొత్తం తాగుతాడు! రంగంతా ఆ ఇరుగుడులోనే ఉంటే, దాన్ని పారీసి బలం నేదని సెప్తావేటి?"

కడుపులోకెళ్ళాక ఆ ప్రోటీను పట్టు వదులుతుందో లేదో నాకేం తెలుసు? "రేపు మళ్ళీ పరీక్ష చేస్తా" అని గొణిగాను.

నాన్న మంచంమీంచి నవ్వాడు. "నీ పరీచ్చ అయ్యీవరకూ నానెందుకాగాల? తే, గలాసు తే."

అమ్మ తెచ్చిచ్చింది. ఆయన తాగుతుంటే నావైపు తిరిగి, తిట్టకుండా, మెల్లిగా అంది:

"పదేళ్ళు మీ నాన్నని మోసం సేసినానేమోనని, వారంనుంచీ నాకు అన్నం సయించనేదే."