రిసీవర్ పక్కన అక్క చీటీ

చుక్కలు పుట్టే చల్లటి మబ్బుల నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే రిసీవర్లు చేస్తూ ఆమె ముప్పై ఏళ్లు గడిపేసింది. ఆ తరంగాలు ఎంత బలహీనమంటే, రిసీవర్ సొంత రొదే వాటిని మింగేస్తుంది. అందుకే దాని గుండెకాయ లాంటి నియోబియం లోహపు చిప్పును ద్రవ హీలియంతో విపరీతంగా చల్లబరుస్తారు. ఆ సమయంలో దగ్గర్లో అయస్కాంతం ఉందా, దాని ప్రభావం చిప్పులో చిక్కుకుపోయి రొద పెరుగుతుంది. "అయస్కాంతం తెచ్చినవాళ్లు నా నోట్లో పడతారు" అని తలుపు మీద బోర్డు రాసింది ఆమే. జేబులో అయస్కాంతాలుండే ఇయర్‌ఫోన్లతో వచ్చిన డైరెక్టర్‌నే గుమ్మంలో నిలబెట్టి కడిగేసింది. ఆవిడ నోరు అంత మంచిది.

రిటైరయ్యే ముందు చేస్తున్న ఆఖరి రిసీవర్ మాత్రం మొండికేసింది. శుక్రవారం లారీ వస్తుంది. ఆలోపు రొద కొలత నలభైకి దిగకపోతే కొండ మీది టెలిస్కోపుకు పోటీ సంస్థ వాళ్లది వెళ్తుంది. మూడు వారాలుగా అది డెబ్బై దగ్గరే బైఠాయించింది. వైర్లు మార్చింది, చిప్పు మార్చింది, లాభం లేకపోయింది.

మంగళవారం పొద్దున హీలియం నింపే మెకానిక్ తల గోక్కుంటూ వచ్చాడు.

"మేడమ్, తిట్టనంటే ఒక మాట."

"తిట్టకుండా ఎప్పుడున్నాను? చెప్పు."

"ఆ చీటీని పట్టుకున్నదేంటో ఓసారి చూడండి."

రిసీవర్ డబ్బాను బిగించిన ఇనుప పట్టీకి, చిప్పుకు నాలుగు వేళ్ల దూరంలో, చీటీ ఉంది. "అన్నం తిన్నావా? తిని పడుకో." అక్క రాత. పెళ్లి ఊసెత్తకుండా అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో బతికారు. చెల్లెలు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ మీద అలాంటి చీటీ ఉండేది. అక్క చనిపోయిన నెల రోజులకు ఆఖరి చీటీని, దాన్ని పట్టుకున్న నల్ల బిళ్లతో సహా ఇక్కడికి తెచ్చుకుంది. ముప్పై ఏళ్లు అయస్కాంతాలను తరిమిన మనిషికి అదీ అయస్కాంతమేనని తట్టలేదు. ఆమెకది అక్క.

"నీకెప్పట్నించి తెలుసు?"

"మూడు వారాలైంది మేడమ్. చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె తిట్టలేదు. మెకానిక్‌కి దానికే ఎక్కువ భయమేసింది. బిళ్లనీ చీటీనీ ఊడదీసి సంచిలో వేసుకుంది. చిప్పులో చిక్కుకున్న ప్రభావం వదిలేలా రిసీవర్‌ను గది వేడికి తెచ్చి, మళ్లీ చల్లబరిచారు. గురువారం మధ్యాహ్నానికి రొద ముప్పై ఎనిమిదికి దిగింది. మెకానిక్ చప్పట్లు కొట్టాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

శుక్రవారం లారీని సాగనంపి సాయంత్రానికి ఇల్లు చేరింది. చీటీని ఫ్రిజ్‌కు తగిలించి, మళ్లీ చదివింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. తిన్నానని అబద్ధం చెప్పడానికైనా ఇంట్లో ఎవరూ లేరు.