నేను కట్టిన మేనేజర్ దారి

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒక వరుసలో కూర్చోబెడితే, ఇప్పుడు చెప్పబోయేది గదిలోకి రాగానే మిగతావన్నీ లేచి కుర్చీ ఇస్తాయి. కొన్నేళ్ళయినా ఇప్పటికీ వెనకనుంచి ఎవరైనా మెల్లగా గొంతు సవరించుకుంటే నా అరికాళ్ళు చల్లబడతాయి. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం అప్పుడు నవ్వలేదు.

అప్పట్లో నేను నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడు రాసుకునేదాన్ని. మాది కాకినాడ. ఘాజియాబాద్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన రజితా ఉండేవాళ్ళం. ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, ఒకే టీము, ఒకే తిట్లు. పొద్దున యమునా బ్యాంక్ స్టేషన్‌లో మెట్రో మారే తొక్కిసలాటలో కూడా మా కబుర్లు ఆగేవి కావు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి ఢిల్లీ మొత్తం మా సొంత గది అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం. ముందు నిలబడ్డ పెద్దమనిషి జుట్టుకు రంగు ఎక్కడెక్కడ అంటలేదో ఆయన చెవి పక్కనే చర్చించుకున్న రోజులున్నాయి. పరాయి ఊళ్ళో ఉండే తెలుగువాళ్ళు ఇది చదువుతుంటే అమాయకంగా మొహం పెట్టకండి. మీరూ చేసే ఉంటారు.

మా టీముకి మేనేజర్ మంజు మల్హోత్రా మేడమ్. జుట్టు ముడి వేసుకుని, ఆ ముడిలో పెన్ను గుచ్చుకుని తిరిగేవారు. హిందీ, ఇంగ్లీషు తప్ప మూడో భాష ఆవిడ నోట మేమెప్పుడూ వినలేదు. మనం పనిలో ఉండగా చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడి, గొంతు సవరించుకుని, "కిత్నా హువా?" అనేవారు. ఎంతవరకు వచ్చిందని. అప్పటిదాకా వస్తున్నది కూడా ఆ మాటతో ఆగిపోయేది. నాకు ఆవిడంటే భయం. మామూలు భయం కాదు, ఆవిడ సెలవులో ఉన్న రోజు కూడా ఆవిడ కుర్చీ పక్కనుంచి తల వంచుకుని వెళ్ళేంత భయం.

దానికి కారణముంది. నాన్నతో పోట్లాడి ఢిల్లీ వచ్చినదాన్ని నేను. బ్యాంకు పరీక్షలు రాయమని ఆయన, కోడే రాస్తానని నేను. ఆ ఏడాది నాకు సీనియర్ డెవలపర్‌గా ప్రమోషన్ రావాలి. మేడమ్ నా గురించి ఒక మంచిమాట రాస్తే వస్తుంది. చెడ్డమాట రాస్తే ఉన్న ఉద్యోగమే ఊగుతుంది. కాకినాడలో నా పాత బల్ల మీద బ్యాంకు పరీక్షల పుస్తకాలు నాన్న ఇంకా తీయలేదని అమ్మ చెప్పింది.

ఈ భయానికి నేను కనిపెట్టుకున్న మందు ఒక కంప్యూటర్ ఆట. అందులో బొమ్మ మనుషులుంటారు. వాళ్ళకి ఇల్లు కట్టిస్తాం, పెళ్ళి చేస్తాం, ఉద్యోగానికి పంపిస్తాం. ఆట తయారుచేసినవాళ్ళు ఇవ్వనిది ఏదైనా కావాలంటే మనమే కట్టి తగిలించుకోవచ్చు. దాన్ని మాడ్ అంటారు. ఆ ఆటలో వంటవాళ్ళున్నారు, పోలీసులున్నారు, మాలాంటి సాఫ్ట్‌వేర్ కూలీలు లేరు. నేను ఆ ఉద్యోగం కట్టాను. నాలుగు మెట్లు ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి టెక్నికల్ దారి, రెండోది మేనేజర్ దారి. మెట్టెక్కినప్పుడల్లా తెర మీద ఒక సందేశం వస్తుంది.

టెక్నికల్ దారి సందేశాలు ఇంగ్లీషులో మర్యాదగా రాశాను. మేనేజర్ దారివి తెలుగులో రాశాను. కడుపుమంటకి మాతృభాష తప్ప ఇంకేదీ సరిపోలేదు. ఆ దారిలో నడిచే బొమ్మకి జుట్టు ముడి వేసి, ముడిలో పెన్ను గుచ్చాను. రజిత అది చూసి మంచం మీద దొర్లింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

ఆఫీసులో ఒక శుక్రవారం సాయంత్రం ఎవరి సరదా వాళ్ళు అందరికీ చూపించాలని కార్యక్రమం పెట్టారు. రజిత నన్ను అడక్కుండా నా పేరు ఇచ్చేసింది.

"ఏంటే నువ్వు చేసింది? నన్ను చంపేద్దామనా?" అన్నాను.

"ఏం గాదు తియ్. టెక్నికల్ దారి చూపెట్టి దిగిపో. సీనియర్ పోస్టు గావాల్నంటే నీ తెలివి గూడ నలుగురికి తెల్వాలె గదా."

"రెండోది చూపించమంటే?"

"గదెవరడుగుతరు?"

ఎవరడుగుతారో మీరు ఊహించే ఉంటారు. నేను టెక్నికల్ దారి చూపించాను, అందరూ చప్పట్లు కొట్టారు, ల్యాప్‌టాప్ మూద్దామని చెయ్యి వేశాను. ముందు వరసలో కూర్చున్న మేడమ్ గొంతు సవరించుకుని హిందీలో అన్నారు.

"రెండో దారి కూడా చూపించు."

"అది ఇంకా పూర్తి కాలేదు మేడమ్."

"ఉన్నంతవరకే చూపించు."

"తెలుగులో ఉంది మేడమ్. ఎవరికీ అర్థం కాదు."

"నువ్వున్నావు కదా చెప్పడానికి."

పెద్ద తెర మీద ముడిలో పెన్నుతో బొమ్మ నడుచుకుంటూ వచ్చింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నా వీపు మీద చెమట నడుముదాకా దిగింది. మొదటి సందేశం వచ్చింది. 'అభినందనలు. ఇకనుంచి మీరు పని చేయనక్కర్లేదు. చేసేవాళ్ళ వెనక నిలబడి, ఎంతవరకు వచ్చిందని అడిగితే చాలు.'

"ఏం రాసి ఉంది?" అన్నారు మేడమ్.

"మేనేజర్ ఎప్పుడూ తన టీము వెనక అండగా నిలబడతారని, మేడమ్."

"అచ్ఛా. తరవాత?"

రెండోది. 'మీకు మీటింగ్ పెట్టే శక్తి వచ్చింది. ఐదు నిమిషాల మాటని గంట సాగదీయగలరు. భోజనం వేళ పెడితే అదనపు పాయింట్లు.'

"ప్రతి విషయం ఓపిగ్గా వివరిస్తారని, మేడమ్. తన భోజనం కూడా చూసుకోరని."

మేడమ్ తల ఊపారు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. పెదాలు కొంచెం కదిలినట్టు అనిపించింది, నేను పట్టించుకోలేదు. మూడోది అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే పాపిష్టిది. అది రాగానే, "అందరూ ఆవిడని ప్రేమిస్తారని రాసి ఉంది మేడమ్, అయిపోయింది," అని ఒక్క ఊపిరిలో చెప్పి తెర ఆపేశాను.

కార్యక్రమం అయ్యాక మేమిద్దరం లిఫ్టు ఎక్కాం. తలుపు మూసుకోబోతుండగా మేడమ్ కూడా వచ్చి ముందు నిలబడ్డారు. రజిత ఆవిడ ముడి కేసి చూస్తూ తెలుగులో మొదలుపెట్టింది.

"మస్తు మ్యానేజ్ చేసినవ్ పో. ఆమెకి ఒక్క ముక్క అర్థం గాలే."

నాకు అప్పటికి ప్రాణం లేచి వచ్చింది. "అర్థమైతే రేపట్నుంచి మనం ఘాజియాబాద్‌లో ఇడ్లీ బండి పెట్టుకోవాలి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కింది అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. మేడమ్ బయటికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి, శుభ్రమైన తెలుగులో అన్నారు.

"సోమవారం పొద్దున్న పదింటికి నా క్యాబిన్‌కి రా అమ్మా. ల్యాప్‌టాప్ తెచ్చుకో."

ఆవిడ కారు వైపు వెళ్ళిపోయారు. లిఫ్టు తలుపు మూసుకుని మమ్మల్ని మళ్ళీ పైకి తీసుకెళ్ళింది. ఏ అంతస్తూ నొక్కే స్పృహ మాకు లేదు. ఎవరు పిలిస్తే అటు వెళ్ళాం.

ఆ శని, ఆదివారాలు ఎలా గడిచాయో నేను చెప్పలేను. ఏడాదిన్నరగా ఆవిడ వినేలా ఏమేమి అన్నామో గుర్తుచేసుకోవడమే మా పని.

"దివాలీ నాడు ఆమె చీర గురించి నువ్వేమన్నవో యాదికున్నదా?" అంది రజిత.

"నేనేమన్నాను?"

"రైలు డబ్బ కర్టెన్ లెక్క ఉన్నదన్నవ్."

"అది నువ్వన్నావు."

"నేను రైలన్న. కర్టెన్ నువ్వన్నవ్."

అమ్మ ఫోన్ చేసింది. "గొంతు అలా ఉందేంటమ్మా? జలుబు చేసిందా?" అంది. అవునన్నాను. "మీ నాన్న మళ్ళీ బ్యాంకు నోటిఫికేషన్ పడిందంటున్నారు. నీకెందుకులే, నువ్వు బాగానే ఉన్నావు కదా," అంది. నాకు ఏడుపు వచ్చింది. ఫోన్ పెట్టేసి నిజంగానే ఏడ్చాను. తప్పు నాదే అని తెలిసినప్పుడు వచ్చే ఏడుపుకి ఓదార్పు కూడా ఉండదు.

ల్యాప్‌టాప్ తెచ్చుకోమనడంలో అర్థమేమిటో మాకు సందేహం లేదు. ఉద్యోగం తీసేసేవాళ్ళని కంపెనీ వస్తువులు అప్పగించమంటారు. సోమవారం నేను ఆఫీసు ల్యాప్‌టాప్, ఛార్జరు, మౌసు, హెడ్‌సెట్, ఐడీ కార్డు, అన్నీ తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను. సాక్ష్యం అడుగుతారేమోనని ఆట ఉన్న నా సొంత ల్యాప్‌టాప్ కూడా రజిత బలవంతాన పెట్టించింది. క్యాబిన్‌లోకి వెళ్ళి ఒక్కొక్కటే తీసి ఆవిడ బల్ల మీద పేర్చాను.

"యే సబ్ క్యా హై?" అన్నారు మేడమ్. ఇదంతా ఏమిటని.

"కంపెనీ వస్తువులు మేడమ్. ఏవీ పాడుచెయ్యలేదు."

ఆవిడ వాటినీ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఇవి పక్కన పెట్టు. ఆట ఉన్నది ఏది? తెరువు. ఆ మూడోది చూపించు."

"మేడమ్, క్షమించండి."

"తరవాత క్షమిస్తాను. ముందు చూపించు. చూడమ్మా, మా నాన్నగారు ఎయిర్ ఫోర్స్. ఊరు విజయనగరం. లేకిన్ నేను పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే, కంటోన్మెంట్, ధౌలా కువాన్. మల్హోత్రా నా హస్బెండ్ పేరు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, మాట్లాడాలంటే సిగ్గు. చదవడం అమ్మమ్మ నేర్పింది, స్పీడ్ లేదు. ఒక్కొక్క అక్షరం జోడించుకోవాలి. నువ్వు మూడోది జల్దీ తీసేశావు. సగమే అయింది నాకు. రెండు రోజులు అదే ఆలోచన, మిగతాది ఏముంటుందని."

మూడోది తెరిచాను. "చదువు," అన్నారు. అనువాదం చెయ్యమనలేదు, చదవమన్నారు. ఆ గదిలో నా గొంతు నాకే వినిపించడం ఎంత నరకమో మీకు చెప్పలేను.

"మీరు శిఖరానికి చేరారు. ఒకప్పుడు మీకు వచ్చిన పని ఇప్పుడు పూర్తిగా మరిచిపోయారు. కోడు చూపిస్తే తల ఊపుతారు, అర్థమైందో లేదో ఎవరూ అడగరు. ఇక్కడినుంచి ఎటూ దారి లేదు."

మేడమ్ తెర మీది వాక్యాలని వేలితో తాకుతూ మళ్ళీ ఒక్కొక్కటే చదువుకున్నారు. తిడితే బాగుండుననిపించింది. నాకు అంతకుముందెప్పుడూ ఆవిడ మీద జాలి కలగలేదు, అప్పుడు కలిగింది. నా మీద అసహ్యం కూడా కలిగింది.

"ఎటూ దారి లేదని ఎందుకు రాశావు?" అన్నారు చివరికి. "వెనక్కి, టెక్నికల్ వైపు వచ్చే దారి పెట్టలేదా?"

"పెట్టాను మేడమ్. అది నొక్కితే ఆట ఆగిపోతోంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అందుకే దారి లేదని రాసేశాను."

"జరుగు."

ముడిలోంచి పెన్ను తీసి పక్కన పెట్టి నేను లేచిన కుర్చీలో కూర్చున్నారు. ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచారు. ఈసారి ఆవిడ వెనక నేను నిలబడ్డాను. ఏమీ అడిగే ధైర్యం చెయ్యలేదు. బయట ఎవరో రెండుసార్లు తలుపు తట్టారు, ఆవిడ తల ఎత్తలేదు.

"రెండు దారులకీ ఒకే నంబరు ఇచ్చావు. మొదటిది కాపీ చేసి రెండోది కట్టావు, నంబరు మార్చలేదు. ఎటు వెళ్ళాలో ఆటకి తెలియట్లేదు," అన్నారు. మార్చి, నొక్కారు. బొమ్మ వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళి కోడు రాసే బల్ల దగ్గర కూర్చుంది. మేడమ్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

"ఆ మూడోదాంట్లో ఒక మాట తప్పు," అన్నారు.

"ఏది మేడమ్?"

"మరిచిపోయారు అన్నది. ఠీక్ హై, వెళ్ళి పని చూసుకో. నీ సామాను కూడా తీసుకెళ్ళు."

బతికిపోయానని రజితా నేనూ ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో సమోసాలు తిన్నాం, హిందీలో మాత్రమే మాట్లాడుకుంటూ. కొన్ని వారాలకి ప్రమోషన్ల కబురు వచ్చింది. మంజు మేడమ్ మేనేజర్ పదవి వదిలి, పైవాళ్ళని అడిగి మరీ టెక్నికల్ వైపు వెళ్ళిపోయారు. ఆవిడ స్థానంలో వచ్చేవారి పేరు చూసి నేను మెట్లమీద కూలబడ్డాను. తేరుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"మేడమ్, నేను అడిగింది సీనియర్ డెవలపర్ పోస్టు. మీరు నన్ను మేనేజర్ని చేశారు."

"అవునమ్మా," అన్నారు ఆవిడ తెర మీదనుంచి కళ్ళు తీయకుండా. "ఈ ఉద్యోగం గురించి నీ అంత వివరంగా రాసినవాళ్ళు కంపెనీలో ఇంకెవరూ లేరు. పైవాళ్ళకి మూడు సందేశాలూ ఇంగ్లీషులో చెప్పాను. నీలా కాదు, ఉన్నదున్నట్టు. నీకు పూర్తి అవగాహన ఉందని వాళ్ళు కూడా ఒప్పుకున్నారు."

నాన్న బ్యాంకు పుస్తకాలు ఎవరికో ఇచ్చేశాడు. కూతురు మేనేజరైందని వీధంతా చెప్పుకున్నాడు. ఇక దిగుదామన్నా వీల్లేకుండా పోయింది.

అందుచేత పాఠకులారా, మీ అందరి సమక్షంలో కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఇంకెప్పుడూ ఏ ఆటలోనూ ఏ బొమ్మకీ ఉద్యోగం కల్పించను. విధిలేక కల్పించాల్సి వస్తే, నేను చెయ్యడానికి ఇష్టపడని ఉద్యోగాన్ని మాత్రం అంత శ్రద్ధగా వర్ణించను.