కర్టెన్లక్క మొగుడు

ఆ రేడియో సెట్టును లిఫ్టు మెకానిక్ తన కోసమే కొనుక్కున్నాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. తర్వాత అతను పడిన కడుపుమంటకంతటికీ మూలం అదే.

పెద్ద భవనాల పైన, లిఫ్టు మోటార్లుండే గదుల్లో అతని పని. ఒకరోజు ఒక డాబా మీద ఒకాయన అరచేతిలో ఇమిడే సెట్టు పట్టుకుని, ఊరికి ఆ చివరనున్న మనిషితో తాపీగా కబుర్లాడుతున్నాడు. ఇంత చిన్నదానికి అంత దూరం ఎలా అందుతుందని మెకానిక్ అడిగితే, ఆయన గుట్ట మీది స్తంభం చూపించాడు.

"అక్కడ రిపీటర్ ఉంది. మనం ఒక ఫ్రీక్వెన్సీలో మాట్లాడతాం. అది విని, వెంటనే ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా చెబుతుంది. దానికి వినబడితే ఊరంతటికీ వినబడినట్టే."

మెకానిక్ మనసు ఆ స్తంభానికి చిక్కుకుపోయింది. సెట్టు కొన్నాడు. అందులో మాట్లాడాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్ష పుస్తకం తెచ్చి, ఇంట్లో బల్ల ముందు కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. అతని భార్య కర్టెన్లు కుడుతుంది. కుట్టుమిషను పక్కనే ఉంది కాబట్టి ఆమెకూ అన్నీ చెవిన పడేవి.

"ఊరికే వింటున్నావుగా, నువ్వూ రాసెయ్," అన్నాడు సరదాకి.

ఇద్దరూ రాశారు. ఆమె పాసైంది. అతను తప్పాడు. ఆమె దాని గురించి ఒక్క మాటా అనలేదు. అదే అతనికి మరీ గుచ్చుకుంది.

లైసెన్సు లేనివాడు వినవచ్చు గాని మాట్లాడకూడదు. దాంతో సెట్టు ఆమె చేతికి పోయింది. మొదట్లో ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. అతను లోలోపల కాస్త సంతోషించాడు కూడా. ఆమె మాత్రం సెట్టుతో వచ్చిన కాగితాలు తిరగేసి కూర్చుంది.

"టోన్ పెట్టలేదండీ. మన మాటతో పాటు ఆ సన్నటి టోన్ కూడా వెళ్తేనే రిపీటర్ తలుపు తీస్తుందట."

టోన్ పెట్టి, ఎవరూ మాట్లాడటం లేదని విని చూసుకుని, బటన్ నొక్కింది. ఒక్క క్షణం ఆగి, లైసెన్సుతో పాటు ఇచ్చిన గుర్తింపు అక్షరాలు, తన కాల్‌సైన్ చెప్పింది. వెంటనే ఒక మగగొంతు పలికింది. "రండి అక్కా. స్పష్టంగా... వినిపిస్తున్నారు."

ఆ గొంతు ఒక బేకరీ ఆయనది. అంతే, ఆ రోజు నుంచి మెకానిక్‌కి మనశ్శాంతి కరువైంది.

ఇంట్లో ఆమె ముక్తసరిగా మాట్లాడే మనిషి. రేడియోలో అలా కాదు. నవ్వుతుంది, నవ్విస్తుంది. కిటికీయే లేని గోడకి కర్టెను కుట్టించుకున్న పెద్దమనిషి కథ ఆమె చెబుతుంటే ఊరు ఊరంతా విన్నది. అందరూ ఆమెకు కర్టెన్లక్క అని పేరు పెట్టేశారు. సాయంత్రమైతే చాలు, "కర్టెన్లక్క ఉన్నారా" అని ఎవరో ఒకరు. ఇక ఆ బేకరీ ఆయనైతే మాట మాటకీ ఆగి ఆగి, తేనె ఒలకబోస్తున్నట్టు మాట్లాడతాడు. వింటుంటే మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయేది.

"ఆ గోడ కథ నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడొకసారి, భోజనం దగ్గర.

"మొదలుపెట్టాను. మీరు మధ్యలో ఇంకేదో ఎత్తుకున్నారు."

"నేనా? ఎప్పుడు? నేను అసలు..."

ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

చివరికి ఉండబట్టలేక బేకరీకి వెళ్ళాడు. సన్నటి నడివయసు మనిషి, మోచేతుల దాకా పిండి. "ఏ... ఏం... కావాలండీ?" అన్నాడు. ఒక్కో మాటకీ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. మెకానిక్ ఒక బ్రెడ్డు అడిగి, తానూ రేడియో వింటుంటానని మాత్రం చెప్పాడు.

బేకరీ ఆయన మొహం వికసించింది. "ఫోన్లో అయితే నేను... ఆగగానే అవతలివాళ్ళు నా మాట పూర్తి చేసేస్తారండీ. రేడియోలో బటన్ నా చేతిలో ఉంటుంది. వదిలేదాకా... నా మాట నాదే. కర్టెన్లక్క కూడా అదే అంటుంది. చివరిదాకా చెప్పుకోగలిగేది ఇక్కడేనట."

"ఆవిడ ఇంట్లో ఎవరున్నారు?"

"తెలీదండీ. ఇంటి సంగతులు... ఎప్పుడూ ఎత్తదు."

మెకానిక్ బ్రెడ్డు పట్టుకుని బయటికొచ్చాడు. ఆ మనిషి మీద అనుమానమైతే పోయింది గాని, ఈర్ష్య ఇంకా ముదిరింది. పరాయివాడు ఎంతసేపు తడబడినా ఓపిగ్గా కాచుకునే తన భార్య, ఇంట్లో కంచం తీసుకుని లేచిపోతుంది. ఎందుకో అర్థం కావడానికి అతనికి ఇల్లు చేరేదాకా పట్టింది.

ఈసారి నోరు మూసుకుని చదివాడు. పాసయ్యాడు. ఇంకో సెట్టు కొనుక్కుని, ఒక సాయంత్రం పని ముగిశాక డాబా మీద నుంచి తన కాల్‌సైన్ చెప్పి ఆమెను పిలిచాడు.

"స్పష్టంగా ఉన్నారు. స్వాగతం," అంది ఆమె, కొత్తవాళ్ళందరితో అన్నట్టే. తర్వాత చిన్నగా నవ్వు. "ఈయన మా ఆయన."

"అయితే మీరు... కర్టెన్లక్క మొగుడా," అంది బేకరీ గొంతు. అందరూ పలకరించారు. ఆ పేరు అతనికి అక్కడికక్కడే అతుక్కుపోయింది.

"మీరున్న చోటికి మన ఇల్లు దగ్గరే," అంది ఆమె. "రిపీటర్ అక్కర్లేదు. వేరే ఫ్రీక్వెన్సీలో నేరుగా మాట్లాడుకుందాం. దీన్ని మిగతావాళ్ళకి వదిలేద్దాం."

ఇద్దరూ మారారు. అక్కడ ఇంకెవరూ లేరు.

"ఒకటి చెప్పాలి," అంది. "పరీక్ష రోజు, నేనొక్కదాన్నే పాసైతే మీకు చిన్నతనంగా ఉంటుందేమోనని తప్పులు రాద్దామనుకున్నాను."

"అదేం..." అన్నాడు అతను బటన్ నొక్కి. కానీ ఆమె తన బటన్ వదలకుండా ఇంకా మాట్లాడుతూనే ఉంది, అతని మాట ఆమెకు చేరలేదు.

"...కానీ రాయలేదు. పాసయ్యాక సంతోషించాను. మీరు తప్పినా సరే, సంతోషించాను. ఇక మీరు చెప్పండి."

అతనికి బాధేసింది. బాధ వెనకే ఇంకేదో తోసుకొచ్చింది.

"ఈ మాట రేడియోలో ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"బేకరీ ఆయనకి?"

"ఆయనక్కూడా లేదు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. సిగ్గుపడాల్సిన సంతోషమని తెలుసు. అయినా దాచుకోలేదు.

"సరే," అన్నాడు. "ఇంకా చెప్పు." బటన్ మీద నుంచి వేలు తీసేశాడు.