డ్రిల్లింగ్ మిషనుకు తాతయ్య చేసిన బల్ల

నందిగామలో మేముంటున్న ఫ్లాటు వంటగదికి అలమరాలు బిగించే మేస్త్రి పొద్దుటి నుంచి చెక్కలకు బెజ్జాలు వేస్తున్నాడు. అలవాటు కొద్దీ చెక్క అంటున్నాను గానీ చెక్కా లేదు, చట్టుబండలూ లేదు, అది పొట్టుకు జిగురు కలిపి అదిమిన అట్ట. డ్రిల్లు దిగినప్పుడల్లా ప్లాస్టిక్ బిందెకు సెగ తగిలిన వాసన వస్తోంది. ముక్కు మూసుకుని హాల్లోకి వచ్చి, ఇస్త్రీకి వాడుకునే మా పాత టేకు బల్ల మీద మోచెయ్యి ఆనించాను. అది ఎప్పటిలాగే కిర్రుమని కుడి పక్కకు ఒరిగింది. ఆ బల్లకు వెనక అంచు నడుమ అర్ధచంద్రంలా ఒక కోత ఉంటుంది. చూసినవాళ్లందరూ ఆ కోతేంటని అడుగుతారు. ఒక మిషను స్తంభం పట్టడానికని చెబితే ఏ మిషను అంటారు, అది చెప్పాలంటే మా ఇల్లంతా చెప్పాలి, అందుకని ఎలకలు కొరికాయంటాను.

డెబ్బైల చివర, నాకు ఊహ తెలిసేనాటికి, జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు సగం కొట్టమే. తాటాకు పంచ కింద నల్లతుమ్మ మొద్దులు, టేకు పలకలు, సగం చెక్కిన బండి నొగలు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి, ఎండాకాలం వాటిలోంచి వేడికి ఒక పులుపు వాసన, వాన పడితే తడిసిన తోలు వాసన, చలికాలం పొద్దున్నే అమ్మ చెక్కపేళ్లతో నీళ్లు కాస్తుంటే కర్పూరం లాంటి పొగ వచ్చేవి. ఏ వాసనొస్తే ఏ కాలమో, కళ్లు మూసుకుని పడుకున్నా నాకు తెలిసిపోయేది. మా తాతయ్య బండ్లు చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఆయన బండంటే గురి. బెజ్జం వేసినప్పుడు రాలిన ముక్కల్లో గుండ్రటివి ఏరుకుని నేనూ మా వీధి ఆడపిల్లలూ అచ్చనగండ్లు ఆడుకునేవాళ్లం, రాళ్లతో ఆడేవాళ్లంటే మాకు చిన్నచూపు.

చక్రానికి ఇనప కమ్మి ఎక్కించే రోజు మా వీధికి పండగే. నేల మీద పిడకలు గుండ్రంగా పేర్చి, వాటి మధ్య కమ్మి పెట్టి కాలిస్తే అది ఎర్రగా, కుంకుమ కంటే ఎర్రగా అయ్యేది. తాతయ్యా నాన్నా పట్టుకార్లతో దాన్ని ఎత్తి చక్రం మీద వేసి, సమ్మెటలతో దించి, అమ్మ బిందెలతో నీళ్లు పోస్తే బుస్సుమని లేచిన ఆవిరిలో కాసేపు ఎవరికెవరూ కనబడేవాళ్లు కాదు. తర్వాత మరమరాలు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు కలిపి పిల్లలందరికీ పెట్టేవాళ్లు. ఆ పొగచూరిన చేతులతో తిన్న మరమరాల రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

తాతయ్య చేసిన బండి దూరాన ఉండగానే తెలిసిపోయేది. ప్రతి కూసూ, అంటే చెక్కలో చెక్క దూర్చే ప్రతి అతుకూ, వెంట్రుకవాసి వదులుగా పెట్టేవాడు. మేకు అన్నది కొట్టేవాడు కాదు. రాళ్లబాటలో బండి ఊగుతుంది, గోతిలో పడుతుంది, అప్పుడు అతుకు అటూ ఇటూ ఆడకపోతే చెక్క చీలిపోతుందని ఆయన లెక్క.

"బండన్నాక కదలాలిరా. కదలంది ఇరుగుద్ది," అనేవాడు, ఎవరడిగినా అడక్కపోయినా.

గరికపాడు వైపు నుంచి వచ్చే లారీల మోత మా వీధిదాకా వినబడసాగాక బండి పని తగ్గిపోయింది. ముందు రబ్బరు టైర్ల బండ్లొచ్చాయి, వెనకాలే ట్రాక్టర్లు. ఒక వేసవి మొత్తానికి కమ్మి ఎక్కించనే లేదు. పిల్లలం మాకది మరమరాలు లేని వేసవి, పెద్దవాళ్లకు ఏంటో అప్పుడు తెలియలేదు. మిగిలింది గొర్రుల పని. విత్తనం వేసే గొర్రుకు ఒక పొడవాటి దిమ్మ, దానికి మూడు పళ్లు, పంటి పంటికీ ఒక బెజ్జం, అందులో వెదురు గొట్టం, పైన గింజలు పోసే జడ్డిగం. ఆ బెజ్జాలు ఒకే వాలులో రావాలి. చేతి బర్మాతో తాతయ్య వేసేవాడు గానీ ఆయన భుజం అప్పటికే లేవడం మానేసింది. అందుకని నాన్న బెజవాడ వెళ్లి ఒక పాత డ్రిల్లింగ్ మిషను తెచ్చాడు. నిలువెత్తు ఇనప స్తంభం, నెత్తిన మోటారు, బెల్టు. అది వచ్చిన రోజు నాన్న ముఖం నాకింకా గుర్తుంది. దాంతో గొర్రులు చకచకా చేసి ఇస్తే పేటలోనే ఉండి బతకొచ్చని, పరాయివాళ్ల కింద పనికి పోనక్కర్లేదని ఆయన ఆశ.

తాతయ్య ఆ మిషనున్న వైపు తల తిప్పలేదు. దసరాకు పనిముట్లన్నీ కడిగి, పీటల మీద పేర్చి, బాడిసకూ ఉలికీ రంపానికీ పసుపూ కుంకుమా పెట్టి, గారెలు, పులిహోర నైవేద్యం పెట్టినప్పుడు కూడా మిషనును దాటుకుపోయాడు. నాన్న తర్వాత తనే వెళ్లి దానికి బొట్టు పెట్టుకున్నాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ మిషను ఇనప పనికి చేసింది. దాని పలక అప్పడాల పీటంత ఉంటుంది. దాని మీద మనిషి పొడుగు గొర్రు దిమ్మ పెడితే ఒక కొస లేచి ఒక కొస నేలకు తగులుతుంది. నాన్న ఇటుకలు పేర్చి చూశాడు, అమ్మను ఆ కొస పట్టుకోమన్నాడు, కుదర్లేదు. ఈ తంటాలన్నీ వారగా చూస్తున్న తాతయ్య ఒకనాటి పొద్దున్న, సంక్రాంతి వెళ్లాక కాబోలు, మూలనున్న పాత బండి టేకు పలకలు బయటికి లాగాడు. నాన్నతో ఒక్క మాట చెప్పలేదు. మిషను స్తంభానికి దారం చుట్టి కొలత తీసుకుని, పలక అంచున అర్ధచంద్రం కోసి, ఇనప పలకకు కాస్త పైగా వచ్చే ఎత్తులో నాలుగు కాళ్లు నిలిపి, దిమ్మ వెనక్కి జరగకుండా ఒక పట్టీ పెట్టి, భుజం నొప్పికి మధ్య మధ్య గోడకు చేరగిలబడుతూ, శివరాత్రి దాటేసరికి బల్ల పూర్తి చేశాడు. ఒక్క మేకు లేదు. చిత్రిక పట్టిన ఆ టేకు మీద చెయ్యి వేస్తే పట్టుచీర మీద వేసినట్టుండేది. తనే స్వయంగా తెచ్చి మిషను కింద అమర్చి, బల్లకు బొట్టు పెట్టి, కాసేపు ఆగి, ఆ వేలితోనే మిషనుకూ పెట్టాడు. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను నా చిన్నతనంలో ఇంట్లో అంత సంతోషం మళ్లీ చూడలేదు.

బల్ల కదిలేది. కదలకేం చేస్తుంది, బండి చేసిన చేత్తోనే చేశాడాయె. ప్రతి కూసూ వెంట్రుకవాసి వదులు. నాన్న మొదటి రోజే చెయ్యి ఆనించి చూశాడు, కిర్రుమంది. తాతయ్య అదేదో వేణువు విన్నట్టు తలాడించి, "ఇన్నావా? ఇంక నూరేళ్లు ఇరగదు," అన్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర తాతయ్య లేచాక అమ్మ గొంతు తగ్గించి అడిగింది:

"నాలుగు బోల్టులు బిగిస్తే పోద్ది గదండీ?"

"ఆయన చేసిందానికి నేనెట్టా బిగిస్తానే? ఇన్నాళ్లకి ఓ చెయ్యేశాడు."

అయినా బోల్టులు తెచ్చుకున్నాడు. పెద్దాయన ఊరెళితే వేద్దామనో ఏమో, చొక్కా జేబులో వేసుకు తిరిగేవాడు, నడుస్తుంటే గలగలమనేవి. తాతయ్య ఏ ఊరూ వెళ్లలేదు.

రోహిణి ఎండల్లో గొర్రుల పని మొదలైంది. ముంజెలు, మామిడికాయ ముక్కల కారం, మోటారు మోత, పోతూ వస్తూ ఉండే కరెంటు. తాతయ్య మంచం మీద కూర్చుని ప్రతి దిమ్మనూ లెక్కగా చూసేవాడు, నాన్న బెజ్జాలు వేసేవాడు. మధ్య బెజ్జం బాగా వచ్చేది. ఎడమ కొసది వేసేటప్పుడు బల్లకు గోడ ఆసరా. కుడి కొస బెజ్జం దగ్గరికొచ్చేసరికి మాత్రం దిమ్మ బరువంతా అటు వేలాడి, బల్ల కొద్దిగా, అతి కొద్దిగా ఒరిగేది. నాన్న మోకాలు అడ్డం పెట్టి ఆపేవాడు. సరిపోతుందనుకున్నాడు. అలాగే అన్ని గొర్రులూ వెళ్లిపోయాయి, ఏరువాక పున్నమికి అమ్మ పులగం వండి అందరికీ పెట్టింది.

తొలకరి పడ్డాక అమ్మా నేనూ వత్సవాయిలో పిన్ని వాళ్లింటికి బస్సులో వెళ్లాం. కిటికీ పక్కన కూర్చోవడానికి నేను చేసిన గొడవకు అమ్మ వీపు మీద ఒకటి వేసింది కూడా. రోడ్డు పక్క పెసర చేలు మొలిచాయి. రెండు పచ్చటి సాళ్లు, ఒకటి ఎర్రమట్టి. మళ్లీ రెండు పచ్చటివి, ఒకటి ఎర్రమట్టి. చేను చివరిదాకా అంతే, ఆ పక్క చేనూ అంతే. బెజ్జం వాలు తప్పడంతో కుడి గొట్టం గింజను సాల్లో కాక పక్కన గట్టి నేల మీద పోసింది, చీమలూ పిట్టలూ తినిపోయాయి. నాకు ఆ చారలు బాగున్నాయనిపించి అమ్మకు చూపించాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సులో ఎవరో, పేటలో కొత్త మిషను గొర్రులట, అని నవ్వుతున్నారు. పని చెడితే చేసిన ఇంట్లోనే దాచుకోవచ్చంటారు, మాది ఊరూరా మొలిచింది.

రైతులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సుబ్బారాయుడు గారని పెద్దమనిషి, కోప్పడలేదు, అది ఇంకా నరకం. "మూడో సాలంతా బోడిగా ఉందయ్యా రాఘవులూ. దున్నేసి మళ్లీ ఎయ్యాల్సిందే," అని కండువా దులుపుకున్నాడు.

"నా చెయ్యి తప్పిందండి," అన్నాడు నాన్న.

"నీ చెయ్యి కాదురా, ఆ మిషను. నే ముందే జెప్పా," అన్నాడు తాతయ్య మంచం మీద నుంచి. నాన్న ఆ తప్పు మిషను మీదే ఉండనిచ్చాడు. జేబులో బోల్టులు ఆయన దగ్గరే ఉన్నాయి.

మరుసటి వేసవికి ఎవరూ రాలేదు. ట్రాక్టరు వెనక తగిలించే ఇనప గొర్రులొచ్చాయి. బల్ల సరిగ్గా ఉన్నా ఇంకో రెండు మూడేళ్లు నెగ్గుకొచ్చేవాళ్లమేమో, అంతే. మిషను ఎవరో కొని పట్టుకుపోయారు, బల్ల మిగిలింది. ఒకనాడు తాతయ్య దాని మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ ఊపుతూ, "ఇది మరీ ఎక్కువ కదులుద్దేమో అమ్మాయ్?" అని అమ్మను అడిగాడు. "లేదు మావయ్యా, బానే ఉంది," అంది అమ్మ వంటింట్లోంచి, ఇటు తిరక్కుండా. ఆయనకు తెలిసిందో లేదో మాకు తెలియలేదు. ఆ చలికాలం దాటలేదు ఆయన. నాన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దు పోయాక జుట్టూ కనుబొమలూ బూడిదరంగుతో వచ్చేవాడు, స్నానం చేసినా ఆయన దగ్గర చెక్క వాసన రాలేదు. ఉలి మళ్లీ ముట్టలేదు. అమ్మ అప్పుడప్పుడూ, ఇప్పుడైనా ఆ బల్ల బిగించండీ అనేది. ఇప్పుడెందుకే, అనేవాడు.

కొట్టం లేదు, వీధి పేరు కూడా మారింది. అమ్మా నాన్నా లేరు. చేలల్లో గొర్రు పట్టుకునే మనిషి కనబడడు. ఇందాక నా మోచేతి కింద బల్ల కిర్రుమనడం విన్నాడు కాబోలు, నేను టీ కలుపుకుని హాల్లోకి వచ్చేసరికి మేస్త్రి బల్ల కింద నుంచి లేస్తున్నాడు.

"కూసాలన్నీ లూజైపోయినయ్యమ్మా. నాలుగు క్లాంపులేసి స్క్రూలు బిగించా. ఊపి చూడండి."

రెండు చేతులూ వేసి ఊపాను. కదల్లేదు. కుడి పక్కకు ఒళ్లంతా మోపాను. నిలబడింది, రాయిలా నిలబడింది. ఇప్పుడు దాని మీద ఎంత బరువు దిమ్మ పెట్టినా మూడో బెజ్జం సూటిగా వస్తుంది.

"ఎంతసేపు పట్టింది బాబూ?"

"ఎంతసేపమ్మా, ఐదు నిమిషాలు. మీరు టీ పెట్టేలోపు అయిపోలా?"

బాగా చేశావని చెప్పి టీ చేతికిచ్చాను. సాయంత్రం చీర పరిచి ఇస్త్రీ మొదలుపెడితే బల్ల ఏ శబ్దమూ చెయ్యలేదు.