చక్రాలు నానిన గట్టు

మొన్నమొన్నటిదాకా తొలి వాన పడితే మా చెరువు గట్టు మీద నుంచి డీజిల్ వాసన లేచేది. ఎండకు కాలిన టైర్ల మీద చినుకులు పడి, ఇంజన్ల కింద కారిన నూనె నీళ్లలో కలిసి, ఆ వాసన జహనుమా బస్తీలో మా ఇంటి వంటగది దాకా వచ్చి అన్నం మెతుకులకు పట్టుకునేది. ముక్కు మూసుకునే హక్కు నాకు ఉండేది కాదు. అక్కడ నిలబడిన ట్రాలీ ఆటోల్లో రెండు నా కొడుకువే. నేను తినేది ఆ ఆటోల తిండే.

యాభై ఏళ్లు దాటాక బస్తీ బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. మాటను తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. ఆ గట్టు ఒకప్పుడు ఎట్లా ఉండేదో, మేం దాన్ని ఏం చేశామో చెబుతాను.

మా బాపుకు ఎడ్లబండి ఉండేది. పొద్దున్నే నయాపూల్ దాటి బేగంబజార్ పోయి, బెల్లం దిమ్మెలూ చింతపండు బుట్టలూ మిరపకాయ బస్తాలూ గోదాముల నుంచి దుకాణాలకు చేరవేసి వచ్చేవాడు. ఏ రోజు సరుకు వాసన ఆ రోజు ఆయన అంగీకి ఉండేది. మిరపకాయల రోజైతే ఆయన గుమ్మం ఎక్కకముందే మేం తుమ్మేవాళ్లం. ఎండాకాలం వస్తే చక్రాల కట్టె ఎండి కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులై గలగలలాడేది. బజారు బందున్న రోజు చూసుకుని బస్తీలోని బండ్లవాళ్లంతా ఎడ్లను విప్పి, బండ్లను చెరువులోకి ఇరుసు మునిగేదాకా తోసి, కట్టె నీళ్లు తాగి ఉబ్బి పట్టాను మళ్లీ బిగించేదాకా అట్లా వదిలేసేవాళ్లు. పిల్లలకు అదే జాతర. ఎడ్లను కట్టే నొగల మీద వరసగా కూర్చుని, కాళ్లు నీళ్లలో ఆడిస్తూ, బాపు రుమాలులో కట్టి తెచ్చిన బెల్లం ముక్కలు చప్పరిస్తూ, చేపపిల్లలు కాలివేళ్లు కొరికితే చెరువంతా వినపడేట్టు అరుస్తూ, పొద్దు ఎప్పుడు వాలిందో తెలియకుండా గడిపేవాళ్లం.

గట్టు చివర బడీబీ గుడిసె ఉండేది. తుంగ కోసి చాపలు అల్లి అమ్ముకునే ముసలామె. ఎర్రగా పాన్ నమిలే నోరు, ఎవరికీ భయపడని నోరు. సూర్యుడు కాస్త వంగగానే ఆమె లేచేది.

"ఓ మల్లయ్యా! బండి నికాలో! పిట్టలు దిగే వఖ్త్ అయింది!"

"ఇంకా జర నాననీయ్ బడీబీ," అనేవాడు బాపు.

"చక్రం రేపు గూడ నానుతది. పిట్ట రేపటిదాకా గాల్లనే తిరగాల్నా? నీ పెండ్లాం తలుపు తీయకపోతే తెలుస్తది నీకు!"

బండ్లవాళ్లు పడీపడీ నవ్వి, ఆ నవ్వుతోనే బండ్లు బయటికి లాగేవాళ్లు. గట్టు ఖాళీ అయిందో లేదో, తెల్లకొంగలు గుంపులుగా వచ్చి నీళ్లలో నిలిచిన తుమ్మచెట్ల మీద వాలేవి. కొమ్మలన్నీ ఒక్కసారి పూసినట్టుండేది.

వానలు మొదలైతే చక్రాలకు నానే పనే ఉండదు, బండ్లు అటు పోయేవి కావు. తుంగలో నీటికోళ్లు గూళ్లు పెట్టేవి. ఆ నెలల్లో బడీబీ కొడవలిని చూరులో దోపి, నాలుగిళ్లలో గిన్నెలు తోమి పొట్ట పోసుకునేది కానీ తుంగను ముట్టేది కాదు. నీటికోడి పిల్లలు తల్లి వెనక నీళ్ల మీద బారు కట్టేవేళకు బతుకమ్మ వచ్చేది. తంగేడు, గునుగు, బంతి పేర్చుకుని ఆడవాళ్లు నేరుగా నీళ్లలోకి దిగేవాళ్లు. మా అమ్మ చేసిన సత్తుపిండి, మలీద ముద్దల్లో బడీబీకి వాటా ఉండేది. "నెయ్యి తక్కువేసినవ్" అని ప్రతి ఏడూ వంక పెట్టి, రంజాన్ నాడు అదే గిన్నెలో షీర్ ఖుర్మా పోసి పంపేది. గట్టు ఎవరిదని ఎవరూ అడగలేదు. తమ పని కాగానే ఇంకొకరికి వదిలి లేచిపోవడం అందరికీ తెలుసు.

ఇదంతా నా కొడుకు నర్సింగ్‌కు చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పాను. వాడు ఆటోలు కొన్నాక గల్లీలో జాగ లేక గట్టు మీద పెట్టాడు. వాణ్ని చూసి ఇంకొకడు, వాణ్ని చూసి మరొకడు. గట్టు చాలకపోయేసరికి కూల్చిన ఇండ్ల మట్టీ ఇటుక పెళ్లలూ తెచ్చి తుంగలో పోశారు. మోసినవి నా కొడుకు ఆటోలే. సగం తుంగ పూడిపోయింది. మిగిలిన సగమూ పూడ్చబోతుంటే, బతుకమ్మకు నీళ్లదాకా తొవ్వ లేకుండా పోతుందని ఆడవాళ్లు లొల్లి చేసి అర్జీ ఇచ్చారు. విచారణకు ఆఫీసరు గట్టు మీదికే వచ్చాడు.

నర్సింగ్ ముందుకొచ్చాడు. "సార్, గిది ఇయ్యాల్టి అడ్డా కాదు. మా తాత బండి గీడనే ఉండేది. మా అమ్మ నొగల మీద కూసొని ఆడుకున్నది. కావాల్నంటే అడుగుండ్రి."

"అయితే ఆటో టైర్లు గూడ నానబెట్టుకుంటరా అన్నా?" అని గుంపులో ఒకామె అంది. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అవి నా మాటలే. ఒక్కటీ అబద్ధం కాదు. ముద్ద ముద్దకూ మురిపెంగా చెప్పుకున్న నా చిన్నతనాన్ని వాడు మట్టితో పాటే తెచ్చి తుంగలో పోస్తున్నాడు.

"నిజమేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నిజమే సార్. బండ్లు వచ్చేటివి. పిట్టలు దిగకముందే పోయేటివి. వానకాలం ఒక్క బండి రాకపోయేది. గా ముచ్చట గూడ వీనికి చెప్పిన. గది మింగిండు."

"ఏందే అమ్మా గిట్ల! నలుగురి ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్."

"నాది గూడ పోయింది కొడకా. నువ్వు మట్టి మోస్తుంటే గిరాకీ వచ్చిందని సంబరపడి చాయ్ పెట్టిచ్చింది నేనే గదా."

ఆటోలన్నీ తీసేయమన్నాడు ఆఫీసరు. మిగిలిన తుంగను ముట్టొద్దన్నాడు. పూడ్చిన సగం ఎవరు తవ్వాలో మాత్రం ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. నర్సింగ్ ఆటోలు పెద్దరోడ్డు అవతల పెడుతున్నాడు. నాతో మాట్లాడడు. అన్నం పెట్టమని కంచం మాత్రం ముందుకు జరుపుతాడు.

సద్దుల బతుకమ్మ నాడు గట్టు ఖాళీగా ఉంది. "నువ్వే ముందు నడువు పెద్దమ్మా, గీ తొవ్వ నీ పుణ్యమే," అన్నారు ఆడవాళ్లు. నేను వెనకే ఉండిపోయాను. తుమ్మచెట్లు లేవు. బడీబీ గుడిసె చోట నాలుగంతస్తుల ఇల్లు లేచింది. పొద్దు వాలుతుంటే ఆగి పైకి చూశాను. ఆకాశంలో ఒక్క తెల్లరెక్క కదల్లేదు.

నీళ్ల దగ్గరికి పోవాలంటే ఆ పెళ్లల మీదుగానే నడవాలి. అందరివీ ఉత్త కాళ్లే. మా గల్లీకి కొత్తగా వచ్చిన కోడలొకతె బతుకమ్మను తల మీద పట్టుకుని తూలింది.

"కాళ్లు కోసుకపోతున్నయి అత్తమ్మా. చెరువుల గీ పెళ్లలు ఎవలు పోసిన్రు?"

వాళ్ల అత్త వంగి ఆమె కాలి కింది పెళ్లను పక్కకు జరిపింది. ఎవరూ నా వైపు చూడలేదు.

"మేమే బిడ్డా," అన్నాను.